టైపు సార్ మీద మా కమిటీ

తొంభైల నడుమ నేను యూనివర్సిటీలో ఎకనామిక్స్‌లో పీహెచ్‌డీ చేస్తుండేవాణ్ని. గుత్తాధిపత్యాలను ప్రభుత్వం అదుపు చేయగలదా అన్నది నా థీసిస్ విషయం. ఢిల్లీలో అందుకోసం ఒక చట్టమూ, దాన్ని అమలు చేయడానికి ఒక కమిషనూ ఉండేవి. ఆ కమిషన్ తీర్పులన్నీ లైబ్రరీ రెండో అంతస్తులో కూర్చుని నమిలి మింగాను. ఎవరు దొరికితే వాళ్లకు, ఎవరూ దొరక్కపోతే మెస్సులో పప్పు వడ్డించే ఆయనకు, గుత్తాధిపత్యం గురించి ఉపన్యాసం ఇచ్చేవాణ్ని. మెస్సులో నా పక్కన ఎప్పుడూ రెండు కుర్చీలు ఖాళీగా ఉండేవి. ఎందుకో నాకు అప్పట్లో అర్థం కాలేదు.

నాలుగేళ్లు చదివి నేను తేల్చిందేమిటంటే, కమిషన్‌కు కోరలు లేవు. పెద్ద కంపెనీని పిలిపించి, విచారణ జరిపి, చివరికి ‘ఇకమీదట ఇలా చేయవద్దు’ అని చెప్పగలదు, అంతే. చట్టానికి కాస్త పదును పెట్టి, కమిషన్‌లో నాలాంటి చదువుకున్నవాళ్లను కూర్చోబెడితే ఎంత పెద్ద కంపెనీ అయినా తోక ముడుస్తుందని ఆఖరి అధ్యాయంలో రాసుకున్నాను. రాసిన రోజు నా తెలివికి నేనే మురిసిపోయి, తార్నాక దాకా నడిచి వెళ్లి డబుల్ కా మీఠా తిన్నాను.

ఆ థీసిస్‌ను ఇక టైపు చేయించాలి. చిక్కంతా అక్కడ మొదలైంది.

తార్నాక చౌరస్తా నుంచి క్యాంపస్ గేటు వైపు వచ్చే సందులో ఒక చిన్న షట్టరు గది ఉండేది. అందులో ఒక మిషన్ మీద టైపు సార్, ఇంకో మిషన్ మీద ఆయన బావమరిది. అందరం ఆయన్ను టైపు సార్ అనే పిలిచేవాళ్లం. యాభై దాటిన మనిషి, ఇస్త్రీ చెదరని తెల్ల బుష్‌షర్టు, చెవి మీద పెన్సిలు. బావమరిది మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. కంప్యూటర్లు వస్తే టైపు సార్ ఆట కట్టేనని కెమిస్ట్రీవాళ్లు జోస్యం చెప్పారు. తార్నాకలో మొదటి కంప్యూటర్ ఆయనే కొన్నాడు. దానికి పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, పూల తువ్వాలు కప్పాడు. చెప్పులు బయట విడిస్తే గానీ లోపలికి రానిచ్చేవాడు కాదు. థీసిస్‌లు మాత్రం మిషన్ మీదే కొట్టేవాడు. కంప్యూటర్‌తో ఇంకా దోస్తీ కుదరలేదనేవాడు.

హైదరాబాదులో టైపు చేసేవాళ్లకు కొదవేం లేదు. నల్లకుంటలో వీధికొక టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. అయినా క్యాంపస్‌లో పుట్టిన ప్రతి థీసిస్ ఆ ఒక్క గదికే చేరేది. కారణం ఎగ్జామినేషన్ బ్రాంచిలో థీసిస్‌లు తీసుకునే క్లర్కు. ఎవరైనా వేరేచోట టైపు చేయించి తెస్తే, ఆయన మధ్యలో ఒక పేజీ తెరిచి, దాని మీద స్టీలు స్కేలు ఆనించి, “ఫార్మాట్‌ల లేదు. మల్ల చేపిచ్చుక రాండ్రి” అని వెనక్కి నెట్టేవాడు. ఫార్మాట్ అంటే ఏందని అడిగితే, “తార్నాకల టైపు సార్‌కు ఎర్క” అనేవాడు. నాలుగు కాపీలు, వందల పేజీలు. ఒకసారి దెబ్బతిన్నవాడు రెండోసారి ఆ సాహసం చేసేవాడు కాదు.

డబ్బు దగ్గర టైపు సార్ ధర్మంగానే ఉండేవాడని చెప్పాలి. ఆయన దగ్గర కరువంతా వంతుకే. మా రాతప్రతులను పాత న్యూస్‌పేపర్లలో చుట్టి, పురికొసతో కట్టి, గోడ అల్మరాలో ఒకదాని మీద ఒకటి పేర్చేవాడు. పైనున్న కట్ట ముందు మిషన్ ఎక్కుతుంది. ఏది పైకి పోవాలో, ఏది కిందికి రావాలో ఆయన ఇష్టం. పొద్దున్నే పోయి నమస్తే పెడితే కట్ట ఒక మెట్టు ఎక్కేది. “ఎప్పుడైతది సార్” అని ఒకే వారంలో రెండోసారి అడిగితే రెండు మెట్లు దిగేది. హిస్టరీ స్కాలర్ ఒకాయన అక్షరదోషం చూపించి గొంతు పెంచితే ఆయన కట్ట అట్టడుగుకు పోయింది. ఆ మనిషి పెళ్లి చేసుకుని, ఒక బిడ్డకు తండ్రి అయ్యాక గానీ అది పైకి రాలేదు. మేమంతా గైడ్ల దగ్గర కన్నా ఆ గదిలోనే ఎక్కువ వినయంగా ఉండేవాళ్లం.

ఒక మధ్యాహ్నం మెస్సులో నేను ఢిల్లీ కమిషన్ గురించి మొదలుపెట్టగానే పొలిటికల్ సైన్స్ స్కాలర్ ఒకాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఢిల్లీ సంగతి తర్వాత చూద్దువు గని, గీ తార్నాక గుత్తాధిపత్యం సంగతేందో ముందుగాల చూడరాదు.”

అందరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. నాకు నవ్వు రాలేదు, పౌరుషం వచ్చింది. ఆ వారమే స్కాలర్ల సంఘంలో తీర్మానం పెట్టించి ముగ్గురితో ఒక కమిటీ వేయించాను. ఆ పొలిటికల్ సైన్స్ ఆయన, కెమిస్ట్రీ ఆయన ఒకరు, కన్వీనర్‌గా నేను. నియమావళి నేనే రాశాను. ఫిర్యాదు రాతపూర్వకంగా ఉండాలి, టైపు సార్‌కు నోటీసు ఇవ్వాలి, వివరణకు పదిహేను రోజులు గడువివ్వాలి, ఆపైన విచారణ, ఆపైన ఉత్తర్వు. అచ్చం ఢిల్లీలో లాగానే. ఊదారంగు సిరాతో పడే రబ్బరు ముద్ర కూడా చేయించాను. మా ముగ్గురి కట్టలూ టైపు సార్ అల్మరాలోనే ఉన్నాయన్న సంగతి ఆ నియమావళి రాస్తున్నప్పుడు నా బుర్రకు తట్టనే లేదు.

మా బృందం పోయిన రోజు టైపు సార్ మర్యాదకు లోటు చేయలేదు. కంప్యూటర్ మీది పూల తువ్వాలు తీసి మా కుర్చీలు తుడిచాడు. ఇరానీ చాయ్ తెప్పించాడు. కట్టలు వచ్చిన తేదీ వరుసలోనే కదలాలన్న మా కాగితం మొత్తం చదివి, తల పంకించాడు.

“మీరు రాసింది నూటికి నూరుపాళ్లు కరెక్ట్ సార్. వంతంటె వంతే. ఎవరన్న వచ్చి ఒక రూల్ పెడ్తె బాగుండునని నేనే మస్తు రోజుల సంది అనుకుంటున్న.”

అడగకముందే సంతకం కూడా పెట్టాడు. మేం గాల్లో తేలుతూ క్యాంపస్‌కు తిరిగివచ్చాం. ఢిల్లీలో ఏళ్లు పట్టే పని తార్నాకలో ఒక చాయ్‌తో అయిపోయిందని ఆ సాయంత్రం కనపడ్డ ప్రతివాడికీ చెప్పాను.

మర్నాటి నుంచి కట్టల మీద తేదీ చీటీలు కనిపించాయి. వారం తిరిగేసరికి మా ముగ్గురి కట్టలూ అన్నిటికన్నా పైన కనిపించాయి. ఇదేమిటని నేను అడిగాను. నిజంగానే అడిగాను, కాస్త మెత్తగా.

“కమిటీవాళ్ల పని ఆగొద్దు గద సార్. మీరు జల్ది ఖాళీ అయితెనే మా మీద నిఘా పెట్టేది” అన్నాడాయన.

ఆ వాదన నాకు ఎంతో సబబుగా తోచింది. నేను తొందరగా థీసిస్ ముగించడం మిగతా స్కాలర్లందరికీ మేలేనని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. చదువుకున్నవాడికి ఇలాంటి కారణాలు ఇట్టే దొరుకుతాయి.

అప్పుడొచ్చింది అక్క. సొంత అక్క కాదు. జాగ్రఫీలో నాకన్నా రెండేళ్ల సీనియర్, సూర్యాపేట దగ్గరి పల్లె నుంచి వచ్చిన రైతుబిడ్డ, వాళ్లింట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి. గోల్నాకలో వాళ్ల పెద్దక్క ఇంట్లో ఉంటూ రోజూ రెండు బస్సులు మారి క్యాంపస్‌కు వచ్చేది. పల్లెల్లో వారానికోసారి జరిగే అంగళ్ల మీద ఆమె పరిశోధన. ఏ ఊరి అంగడి ఏ రోజు, ఎక్కడి నుంచి ఎవరొస్తారు, ఏం తెస్తారు అని ఐదేళ్లు కాలినడకన తిరిగి రాసింది. నవ్వితే పెద్దగా నవ్వేది. ఆ నవ్వుకు లైబ్రరీవాళ్లు రెండుసార్లు హెచ్చరించారు.

ఆ శుక్రవారం సంఘం గదికి వచ్చినప్పుడు మాత్రం నవ్వలేదు.

“తమ్మి, నా కట్ట టైపు సార్ దగ్గరిచ్చి నలభై రోజులైంది. రిజిస్ట్రేషన్ గడువు రెండుసార్లు పెంచిండ్రు, ఇంక పెంచరు. వచ్చే బుధవారం కాదు, ఆ మీది బుధవారం సాయంత్రం నాలుగింటికి కౌంటర్ బంద్. గప్పటికి ఇయ్యకపోతె ఐదేండ్లు పాయె.”

“రాతపూర్వకంగ ఇయ్యి అక్కా” అన్నాను. ఇచ్చింది. నేను వెంటనే నోటీసు రాయడం మొదలుపెట్టాను. పదిహేను రోజులు అన్నచోట ఆమె వేలు పెట్టింది.

“నాకు పన్నెండు రోజులే ఉన్నయి. నువ్వు ఆయనకు పదిహేను రోజులిస్తున్నవ్.”

“వివరణకు టైం ఇయ్యాలె అక్కా, రూల్ అది. లేకపోతె రేపు మన ఆర్డర్ నిలబడది.”

“ఆర్డర్ నిలబడ్తది. నేనే నిలబడ.”

ఆమె గొడవ పెట్టుకోలేదు. బస్సు టైమైందని వెళ్లిపోయింది. నేను మాత్రం నోటీసు మళ్లీ రెండుసార్లు చదువుకుని, భాష బాగా కుదిరిందని తృప్తిపడ్డాను.

సోమవారం పొద్దున నోటీసు ఇవ్వడానికి తార్నాక పోయాను. అదే చేత్తో నా ఆఖరి అధ్యాయం కూడా తెచ్చుకోవాల్సి ఉంది. టైపు సార్ నోటీసును రెండు చేతులా అందుకుని, కళ్లకద్దుకున్నంత పని చేసి, తీసుకెళ్లి అల్మరాలో అట్టడుగున ఉన్న కట్ట పురికొసలో దోపాడు. అది అక్క కట్ట. తర్వాత నా అధ్యాయం, శుభ్రంగా టైపు చేసింది, కవర్లో పెట్టి నా చేతికిచ్చాడు.

“ఆమెది కిందికి ఎందుకు పోయింది?” అన్నాను.

“పోయిన వారమే మిషన్ ఎక్కాలె సార్ ఆమెది. గంతల మీ ఆఖరి చాప్టర్ వచ్చింది. మీది ఎక్కాల్నంటె ఒకరిది దిగాలె గద. మీరు అడగలే, నేను చెప్పలే.”

ఆయన గొంతులో దాపరికం లేదు, దురుద్దేశం అసలే లేదు. బస్సు ఎన్నింటికని అడిగితే చెప్పినట్టు చెప్పాడు. చేతిలో ఉన్నది, గుత్తాధిపత్యాన్ని అదుపు చేయాలంటే నాలాంటివాళ్లు కావాలని రాసిన అధ్యాయం. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది గానీ ఆ పూట తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చెప్పులు వేసుకోవడం కూడా మరిచి, అక్క కట్ట లాక్కుని బయటికి నడిచాను.

“తీస్కపోండి సార్, నేను ఆపుతనా” అంటూ ఆయన గుమ్మం దాకా వచ్చి నా చెప్పులు చూపించాడు. “కని ఫార్మాట్ ఎట్ల మరి? ఆమెకు ఇబ్బంది అయితది.” ఆ మాటలో ఎగతాళి ఉంటే బాగుండేది. నిజంగానే ఆమె గురించి దిగులుపడ్డాడు.

ఆ సాయంత్రం బస్సెక్కి గోల్నాక పోయాను. వాళ్ల పెద్దక్క నన్ను చూడగానే జొన్నరొట్టె, టమాట తొక్కు పెట్టింది. పళ్లెం పక్కకు జరిపాను. కట్ట అక్క ముందు పెట్టి నిజం చెప్పేశాను.

“అక్కా, నీ వంతు నేనే తిన్న.”

“ఎర్కనే తమ్మి. శనివారం నేను పోయిన. మిషన్ మీద నీ కాయితమే ఉన్నది. పైన గుత్తాధిపత్యం అని ఇంత పెద్ద అక్షరాలు.”

“కోపం రాలేదా?”

“ఎందుకు రాదు, వచ్చింది. తిడ్దామని సంఘం గది దాక వచ్చిన. నువ్వు నా నోటీస్ మీద ముద్ర కొడ్తున్నవ్, వంకర పోవద్దని కింద స్కేలు పెట్టుకోని మరీ. గంత శ్రద్ధ చూసి తిట్టబుద్ధి కాలే.” అప్పుడు నవ్వింది. వంటింట్లోంచి వాళ్ల పెద్దక్క కూడా నవ్వింది. నవ్వు ఆగాక అక్క మెల్లగా అన్నది, “నువ్వు జడ్జినని అనుకుంటున్నవ్ తమ్మి. నువ్వు గూడ ఆయన దుకాణానికొచ్చే గిరాకీవే. నీ కట్ట ఆయన అల్మరల ఉన్నంత కాలం నీ నోటీస్ నడువది.”

నాలుగేళ్లు నేను చదివిన ఏ పుస్తకంలోనూ ఈ మాట ఇంత సూటిగా లేదు. పళ్లెం మళ్లీ దగ్గరికి లాక్కున్నాను.

అక్క అప్పటికే లెక్క వేసుకుని ఉంది. ఆమె నల్లకుంటలో టైపు నేర్చుకుని లోయర్, హయ్యర్ పరీక్షలు రెండూ పాసైంది. థీసిస్ నూట అరవై పేజీలు. రోజుకు పాతిక చొప్పున కొడితే వచ్చే సోమవారానికి అయిపోతుంది, మంగళవారం బైండింగ్, బుధవారం కౌంటర్. ఇన్‌స్టిట్యూట్‌వాళ్లు మిషన్ ఇస్తామన్నారు. ఉన్న భయమల్లా స్కేలు పట్టుకుని కూర్చునే క్లర్కు. ఆ ఫార్మాట్ ఏమిటో నేను పట్టుకొస్తానని మాటిచ్చాను.

మంగళవారం పొద్దున ఎగ్జామినేషన్ బ్రాంచి తలుపులు తెరవకముందే అక్కడ నిలబడ్డాను. “ఫార్మాట్ రూల్ ఏ కాయితం మీద ఉన్నది సార్, ఒక్కసారి చూపించండి” అని క్లర్కును అడిగాను. ఇన్నేళ్లలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదనుకుంటాను, ఆయన కళ్లజోడు తీసి నన్ను చూశాడు. మంచివాడే, నాతోపాటు వెతికాడు. ఇనుప బీరువా తెరిచాం, మూడు ఫైళ్లు దులిపాం, సూపరింటెండెంటును అడిగాం. ఆయన, “క్లర్కుకు తెల్వాలె” అన్నాడు. చివరికి క్లర్కు తన టేబులు అడుగు సొరుగు లాగి ఒక పాత థీసిస్ బయటికి తీశాడు, గోధుమరంగు రెక్సిన్ అట్ట, అంచులు అరిగిపోయాయి.

“గిదే సార్ ఫార్మాట్. నేను ఈ సీట్లకు వచ్చినప్పటి సంది దీనికి ఆనించే చూస్తున్న.”

ఆఖరి పేజీ తిప్పాను. కింద మూలన చిన్నగా తార్నాక టైపు సార్ గది ముద్ర.

నేను అక్కడే కుర్చీలో కూలబడి నవ్వాను. ఎక్కడో ఒక నియమం ఉన్నదని, టైపు సార్ దాన్ని పాటిస్తున్నాడని యూనివర్సిటీ అంతా నమ్మింది. నియమం ఎక్కడా లేదు. ఒకానొక రోజున ఆయన చెయ్యి ఎలా తిరిగిందో అదే నియమమై కూర్చుంది. ఆయన్ను గద్దె మీద కూర్చోబెట్టింది ఆయన బలం కాదు, ఈ అడుగు సొరుగు.

క్లర్కే స్కేలు నా చేతికిచ్చాడు. ఇద్దరం ఆ పాత థీసిస్‌ను కొలిచాం. ఎడమ పక్క ఒకటిన్నర అంగుళం, మిగతా మూడు పక్కలా అంగుళం, పంక్తుల మధ్య రెండు వరుసల ఎడం, పేజీ నంబరు పైన నడుమ, అట్ట రంగు, బంగారు అక్షరాలు. అన్నీ ఒక పేజీకి సరిపోయాయి. దాన్ని మా కమిటీ విన్నపంగా రాసి ఊదా ముద్ర కొట్టి సూపరింటెండెంటు ముందు పెట్టాను. కాగితం మీద అప్పటికే ఒక ముద్ర ఉంటే దాని పక్కన ఇంకో ముద్ర వేయడానికి ఆఫీసులో ఎవరూ వెనకాడరు. మధ్యాహ్నానికి ఆ పేజీ నోటీసు బోర్డుకు నాలుగు పిన్నులతో ఎక్కింది. మా కమిటీ పుట్టినప్పటి నుంచి చేసిన పనికొచ్చే పని అదొక్కటే, అదీ టైపు సార్ పేరైనా ఎత్తకుండా.

కాపీ పట్టుకుని నల్లకుంటకు పరుగెత్తాను. అక్క అందాజాగా ఎడమ అంచు అంగుళంబావు పెట్టి అప్పటికే తొమ్మిది పేజీలు కొట్టేసింది. కాగితం చదివి, ఆ తొమ్మిదీ పక్కన పడేసి, మళ్లీ మొదటి పేజీ ఎక్కించింది.

ఆ వారం నాకు బతుకంతా గుర్తుంటుంది. టెన్త్ పరీక్షలు రాసి టైపు నేర్చుకుంటున్న పిల్లలు చుట్టూ టకటకలాడిస్తుంటే, మధ్యలో అక్క నాలుగు కాగితాల నడుమ కార్బన్లు పెట్టి కొట్టేది. పక్కన స్టూలు మీద కూర్చుని నేను తప్పులు చూసేవాణ్ని. చూసి ఊరుకుంటే నేనెలా అవుతాను? ఒకచోట దళారుల గురించి వస్తే, నలుగురైదుగురి గుత్తాధిపత్యానికి మావాళ్లు వాడే ‘ఒలిగోపొలీ’ అన్న మాట ఇక్కడ వేస్తే బరువుగా ఉంటుందన్నాను.

“అంగడిల మిరపకాయలు అమ్మే అవ్వకు చెప్పు గా మాట. నీ నెత్తిన బుట్ట పెడ్తది” అంది అక్క, చేతులు ఆపకుండానే.

కానీ ఆ పేజీలు చదువుతుంటే నా నోరు దానంతటదే మూతపడింది. ఆమె చూసి రాసింది ఇది: ఒక ఊరి అంగడికి నడిచిపోయే దూరంలో, వేరే రోజున, ఇంకో అంగడి ఉంటే అక్కడి దళారి తూకం సరిగ్గా ఉంటుంది. లేనిచోట ఎన్ని పంచాయితీలు పెట్టినా కాంటా ఒక పక్కకే వాలుతుంది. బుట్ట ఎత్తుకుని వెళ్లిపోగలిగిన మనిషిని ఎవరూ మోసం చేయరని అవ్వలే ఆమెకు చెప్పారట. నేను తీర్పులు నమిలిన నాలుగేళ్లూ ఈమె ఎండలో తిరిగి నా ప్రశ్నకే జవాబు రాసుకుంటూ వచ్చింది. నాకు అసూయ కలిగింది, ఆ వెంటనే గర్వమూ కలిగింది.

బంగారు అక్షరాలు వేసే బైండర్ మళ్లీ తార్నాకలోనే, టైపు సార్ గదికి రెండు షట్టర్ల అవతల. బుధవారం మధ్యాహ్నం రెండింటికి నాలుగు కాపీలు చేతికొచ్చాయి. తీసుకుని మలుపు తిరుగుతుంటే టైపు సార్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. తప్పించుకుని పోదామనుకున్నాను. అక్క నేరుగా ఆయన ముందుకు పోయి ఆగింది.

“చూడొచ్చా అమ్మా?” అన్నాడాయన. చెయ్యి చొక్కాకు తుడుచుకుని ఒక కాపీ తీసుకుని, అచ్చం క్లర్కులాగే మధ్యలో తెరిచాడు. స్కేలు లేకుండా బొటనవేలితో అంచు తడిమాడు. పది పేజీలు నింపాదిగా తిప్పాడు. “హయ్యర్ ఎక్కడ పాసైనవ్ బిడ్డా?”

“నల్లకుంటల సార్.”

“చెయ్యి మంచిగున్నది. ఒక్క అక్షరం గూడ ఒత్తి పడలే.” పుస్తకం తిరిగి ఇచ్చేసి నా వైపు తిరిగాడు. “సార్, గా నోటీస్ బోర్డ్ మీది కాయితం నాకు గూడ ఒక కాపీ ఇయ్యండి. ఇన్నేండ్ల సంది నేను అందాజ మీద కొడ్తున్న. ఎన్నడు ఎవరొచ్చి తప్పంటరోనని నాకు గూడ గుబులే.”

ఆయన మీద నాకున్న కోపం ఆ మాటతో పూర్తిగా పోయింది. నా జేబులో ఉన్న కాపీ ఇచ్చేశాను.

ఏడాది తిరక్కముందే తార్నాకలో ఇంకో మూడు టైపు షాపులు వచ్చాయి. టైపు సార్ దగ్గర రద్దీ మాత్రం తగ్గలేదు, ఆయన పనితనం అలాంటిది. కట్టలు ఇప్పుడు తేదీ ప్రకారమే కదిలేవి. ఎవరూ నోటీసు ఇవ్వక్కర్లేదు, వచ్చినవాడు తన కట్ట తీసుకుని పక్క షాపుకు పోగలడని ఆయనకు తెలుసు. మా కమిటీకి ఫిర్యాదులు రావడం మానేశాయి, దాన్ని ఎవరూ రద్దు కూడా చేయలేదు. నేను ఆఖరి అధ్యాయం చింపేసి మళ్లీ రాశాను. కమిషన్ పెద్ద కంపెనీని మందలించి చేతులు దులుపుకుంటే లాభం లేదని, అది ఏ తలుపుకు వీపు ఆనించి నిలబడిందో కనిపెట్టి ఆ తలుపు తీయాలని, తీసేవాళ్ల కట్టలు ఆ అల్మరాలో ఉండకూడదని రాశాను. పెద్ద కంపెనీల దగ్గర అది అంత తేలిక కాదని నాకూ తెలుసు. తార్నాకలో ఒక స్టీలు స్కేలు చాలింది, ఢిల్లీలో ఏం కావాలో నేను ఇప్పటికీ గట్టిగా చెప్పలేను. కానీ సాధ్యం కాదని మాత్రం ఆ బుధవారం తర్వాత ఎప్పుడూ అనలేదు.

ఆ బుధవారం మేం కౌంటర్ దగ్గరికి చేరేసరికి మూడూ ఇరవై. క్లర్కు అలవాటు కొద్దీ స్కేలు తీశాడు, పేజీ మీద ఆనించాడు. “ఫార్మాట్‌ల ఉన్నది” అని స్కేలు పక్కన పెట్టాడు. తర్వాత పెద్ద రిజిస్టర్ తెరిచి రాసుకోవడం మొదలుపెట్టాడు. స్కాలర్ పేరు, శాఖ, థీసిస్ పేరు, గైడ్ పేరు. చివరి గడి టైపు చేసినవారి పేరుకు, తప్పులుంటే ఎవరిని పిలవాలో తెలియడానికి. ఆ గడిలో పై నుంచి కింద దాకా పేర్లేమీ లేవు. ‘పైదే’ అని చెప్పే రెండు చిన్న గీతలు, వాటి కింద మళ్లీ రెండు గీతలు. ఆయన కలం ఆ రెండు గీతలు పెట్టబోయింది.

అక్క కిటికీలోంచి చెయ్యి చాపి కాగితం మీద పెట్టింది.

“ఆయన కాదు సార్. నేనే కొట్టిన.”

క్లర్కు తల ఎత్తి ఆమెను చూశాడు. ఆ గడిలో పేరు ఎలా రాస్తారో చూద్దామని కాబోలు, ఒక పేజీ వెనక్కి తిప్పాడు, ఇంకో పేజీ తిప్పాడు, ఇంకోటి తిప్పాడు. ఎంత వెనక్కి పోయినా గీతలే. చివరికి మళ్లీ ముందుకొచ్చి, పక్క గడిలో ఉన్న ఆమె పేరు చూసి, ఒక్కొక్క అక్షరమే ఈ గడిలో దించాడు. ఒకే వరుసలో ఆ పేరు రెండుసార్లు పడింది. ఆయన రసీదు చింపి కిటికీలోంచి అందించాడు. అక్క దాన్ని చేతిలోకి తీసుకుందే గానీ చూడలేదు, సిరా ఆరేదాకా ఆ రిజిస్టర్ వైపే చూస్తూ నిలబడింది.